లాండౌ: ఒక సమీకరణం, ఒక జామీను

అయస్కాంతమంటే ఇనుప రజను అతుక్కునే ముక్క అన్న హైస్కూలు చదువు దగ్గరే మనలో చాలామందిమి ఆగిపోతాం. దాని లోపలి అయస్కాంతత్వం ఒక దిశ నుంచి ఇంకో దిశకు ఏ దారిన తిరుగుతుంది? ఎలా కుదురుకుంటుంది? ఈ ప్రశ్నకు 1935లో సమీకరణం రాసిచ్చినవాడు సోవియట్ శాస్త్రవేత్త లెవ్ లాండౌ. ఆయనతో కలిసి రాసినవాడు శిష్యుడు లిఫ్‌షిట్స్.

లాండౌ 1908 జనవరి 22న బాకూలో పుట్టాడు. తండ్రి చమురు ఇంజనీరు, తల్లి డాక్టరు. పద్నాలుగేళ్ళకే యూనివర్సిటీలో చేరి, పందొమ్మిదేళ్ళకు లెనిన్‌గ్రాడ్‌లో పట్టా పుచ్చుకున్నాడు. ఆ వయసుకి మనం ప్రాక్టికల్ రికార్డులకు అట్టలు వేసుకుంటున్నాం! కోపెన్‌హాగెన్‌లో నీల్స్ బోర్ దగ్గర కొంతకాలం ఉండి, 1932లో ఖార్కొవ్ చేరాడు. ఆ సమీకరణం అక్కడున్న రోజులదే.

నేను రైతుబిడ్డను, నాకు తెలిసిన మాటల్లో చెబుతాను. ఒరిగి తిరిగే బొంగరం తల గుండ్రంగా చుట్టు తిరుగుతుంది కదా, అయస్కాంతత్వం కూడా క్షేత్రం చుట్టూ అలాగే తిరుగుతుంది. అయితే బొంగరం చివరికి పడిపోతుంది. ఇది మాత్రం శక్తిని కోల్పోతూ క్షేత్రం దిశకే వచ్చి నిలుస్తుంది. పక్కపక్క పరమాణువులు ఒకే కాడికి కట్టిన ఎడ్లలాంటివి. ఒకటి మళ్ళితే రెండోదాన్నీ లాగుతుంది. ఈ లాగుడునే వినిమయ బలం అంటారు. అదీ ఆ సమీకరణంలో ఇమిడి ఉంది.

తర్వాత వచ్చినవి చెడ్డరోజులు. ఖార్కొవ్‌లో సహచరుడు షుబ్నికోవ్‌ను 1937లో కాల్చి చంపారు. అప్పటికే మాస్కో చేరిన లాండౌను 1938 ఏప్రిల్ 28న అరెస్టు చేశారు. స్టాలిన్‌ను విమర్శించే కరపత్రంలో ఆయన చెయ్యి ఉంది. నోరెత్తితే ప్రాణం పోయే ఆ కాలంలో, సంస్థ డైరెక్టరు కపిత్సా అదేరోజు స్టాలిన్‌కు ఉత్తరం రాశాడు. ఏడాదిపాటు పట్టు వదల్లేదు. చివరికి తన సొంత పూచీ మీద 1939 ఏప్రిల్‌లో విడిపించుకొచ్చాడు.

పొరుగువాడి అప్పుకు జామీను సంతకం పెట్టాలంటేనే మా ఊళ్ళో నాలుగుసార్లు ఆలోచిస్తారు. కపిత్సా పెట్టింది ప్రాణానికి జామీను!

అది వృథా పోలేదు. కపిత్సా కనుగొన్న ద్రవ హీలియం వింత ప్రవాహానికి లాండౌ 1941లో సిద్ధాంతం చెప్పాడు. 1962 జనవరిలో కారు ప్రమాదం జరిగి వారాల తరబడి స్పృహ లేకుండా పడివున్నాడు. ఆ ఏడే నోబెల్ బహుమతి వచ్చింది గాని, మళ్ళీ పరిశోధన చెయ్యలేకపోయాడు. 1968 ఏప్రిల్ 1న కన్నుమూశాడు.

సమీకరణం మాత్రం బతికే ఉంది. శక్తి తగ్గే భాగాన్ని 1955లో గిల్బర్ట్ సవరించాడు. ఇవాళ నానోమీటర్ల మందం అయస్కాంత పొరలతో చేసే మెమరీ చిప్పుల్లో, ఒక పొర తిరిగితే జతపడిన పొర ఏమవుతుందో లెక్కకట్టేది దానితోనే. ఆ లెక్క చేసే విద్యార్థి లాండౌ తెలివితోపాటు కపిత్సా సంతకాన్నీ తలచుకోవాలి. అంత తెలివి మనకందరికీ రాకపోవచ్చు. తోటివాడి కోసం నిలబడే గుండె మాత్రం ఏ పరీక్షా పాసవకుండానే సంపాదించుకోవచ్చు.