తీర్పు తరువాతి విచారణ: త్యాగరాజ భాగవతార్ జీవితం

హత్య జరిగిందన్న వార్త చెవిని పడగానే మనిషి మనస్సు రెండు ప్రశ్నల వెంట పరుగెత్తుతుంది. చంపినవారెవరు? ఎందుకు చంపారు? న్యాయస్థానం జవాబు చెప్పేలోగానే ఊరి రచ్చబండ తన తీర్పును తాను చెప్పివేస్తుంది. ఈ రెండు తీర్పుల నడుమ నలిగిపోయిన ప్రసిద్ధులలో తమిళ చలనచిత్ర గాయక నటుడు ఎం.కె. త్యాగరాజ భాగవతార్ ఒకరు.

ఆయన 1910 మార్చి 1న మాయవరంలో విశ్వకర్మ కుటుంబంలో జన్మించారు. తండ్రి కృష్ణమూర్తి ఆచారి. తరువాత ఆ కుటుంబం తిరుచిరాపల్లిలో స్థిరపడింది. చదువుకంటె పాట మీద మక్కువ గల ఆ బాలుడు ఒకనాడు ఇల్లు విడిచి వెళ్ళిపోయాడని, వెదకబోయిన తండ్రికి తెలుగునాట కడప పట్టణంలో జనం నడుమ పాడుతూ కనిపించాడని ఆయన జీవితకథలో చెబుతారు. తిరుచిరాపల్లిలో రైల్వే అధికారిగా ఉండిన నాటకాభిమాని ఎఫ్.జి. నటేశ అయ్యర్ ఆ గొంతులోని మాధుర్యాన్ని గుర్తించి, హరిశ్చంద్ర నాటకంలో లోహితాస్యుని పాత్రను ఇచ్చారు.

1934లో ‘పవళక్కొడి’ చిత్రంతో భాగవతార్ వెండితెరకు వచ్చారు. 1937లో తెలుగువాడైన వై.వి. రావు దర్శకత్వంలో వెలువడిన ‘చింతామణి’ ఆయనను ఇంటింటి గాయకునిగా చేసింది. 1941 నాటి ‘అశోక్ కుమార్’ చిత్రంలో మన పసుపులేటి కన్నాంబ ఆయనతో కలిసి నటించారు. 1944 దీపావళి వేళ విడుదలైన ‘హరిదాస్’ ఆయన కీర్తికి శిఖరం. మద్రాసు బ్రాడ్వే థియేటరులో ఆ చిత్రం వరుసగా మూడు దీపావళులను చూసింది.

ఆ కాలంలోనే మద్రాసులో సి.ఎన్. లక్ష్మీకాంతన్ అనే పాత్రికేయుడు ‘సినిమా తూదు’ అనే పత్రికను నడిపేవాడు. సినిమావారి ఇంటి గుట్టును రచ్చకెక్కించడమే ఆ పత్రిక వ్యాపారం. వ్రాయకుండా ఉండడానికి కొందరు అతనికి డబ్బు ముట్టజెప్పేవారన్న మాట నాడు బాగా వ్యాపించింది. భాగవతార్, హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్, దర్శక నిర్మాత ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు కలిసి గవర్నరు ఆర్థర్ హోప్‌కు విన్నపం చేయగా, ఆ పత్రిక అనుమతి రద్దయింది. లక్ష్మీకాంతన్ వెనుకాడలేదు. ‘హిందూ నేసన్’ అనే మరొక పత్రికను చేతికి తీసుకొని మునుపటి ధోరణినే సాగించాడు. పరుల రహస్యాలను చదవాలని ఉబలాటపడే పాఠకులు లేనిదే అటువంటి పత్రికకు మనుగడ ఉండదు. జరిగిన అనర్థంలో ఆ ఉబలాటానికీ భాగముంది.

1944 నవంబరు 8న మద్రాసు వేపేరి ప్రాంతంలో రిక్షాలో వెళుతున్న లక్ష్మీకాంతన్‌ను దుండగులు కత్తితో పొడిచారు. మరునాడు జనరల్ ఆసుపత్రిలో అతడు మరణించాడు. డిసెంబరులో భాగవతార్, కృష్ణన్, శ్రీరాములు నాయుడు మరికొందరితోపాటు నిర్బంధింపబడ్డారు. హత్యకు కుట్ర పన్నారన్నది వారిపై మోపిన అభియోగం.

నాడు తెలుగు జిల్లాలకూ తమిళ జిల్లాలకూ మద్రాసే రాజధాని, అక్కడి హైకోర్టే ఉభయులకూ హైకోర్టు. తాము తెరపై కొలిచిన కథానాయకుడు బోనులో నిలబడడంతో విచారణ నాటకంకంటె రక్తి కట్టింది. యుద్ధ వార్తలతో విసిగిన జనం ప్రతిదినం ఈ కేసు వార్తల కోసం ఎదురుచూశారు. నమ్మినవారు, నమ్మనివారు అని రెండు పక్షాలేర్పడ్డాయి. 1945 మే నెలలో జ్యూరీ నిర్ణయాన్ననుసరించి భాగవతార్‌కూ కృష్ణన్‌కూ యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష పడింది. శ్రీరాములు నాయుడు నిర్దోషిగా విడుదలయ్యారు. హైకోర్టులో చేసుకొన్న అప్పీలు వీగిపోయింది.

విచిత్రమేమనగా, కథానాయకుడు కారాగారంలో ఉండగా ‘హరిదాస్’ ప్రదర్శన ఆగలేదు. తల్లిదండ్రులను నిర్లక్ష్యం చేసి, పిదప పశ్చాత్తప్తుడై భక్తుడైన యువకుని కథ అది. తెరపై ఆయన పశ్చాత్తాపాన్ని చూసి కన్నీరు కార్చిన జనమే, బయటకు వచ్చి, చేశాడా లేదా అని వాదించుకొన్నారు. చూసేవారికి రెండూ కథలే. అనుభవించేవానికి మాత్రం ఒకటే జీవితం.

చివరకు ఆ కేసు లండనులోని ప్రివీ కౌన్సిల్ వరకు వెళ్ళింది. అప్పీలును తిరిగి విచారింపవలసిందిగా అక్కడినుండి ఆదేశం వచ్చింది. 1947 ఏప్రిల్‌లో హైకోర్టు ఇరువురినీ నిర్దోషులుగా ప్రకటించింది. అప్పటికి భాగవతార్ రెండేండ్లకు పైగా చెరసాలలో గడిపారు. లక్ష్మీకాంతన్‌ను చంపినదెవరో నేటికీ తేలలేదు.

విడుదలైన పిమ్మట ‘రాజముక్తి’ (1948), ‘అమరకవి’ (1952), ‘శ్యామల’ (1952), ‘పుదు వాళ్వు’ (1957) చిత్రాలలో నటించారు గాని మునుపటి వైభవం తిరిగి రాలేదు. నింద ఒక్కటే దీనికి కారణమనుట న్యాయం కాదు. పాటకంటె సంభాషణకు పెద్దపీట వేసే కాలం వచ్చింది, కొత్త నటులు వచ్చారు. అదే శిక్షను అనుభవించి వచ్చిన కృష్ణన్ మళ్ళీ నవ్వించి నిలదొక్కుకోగలిగారు. అయినను మార్కెట్టు ఉచ్చస్థితిలో ఉండగా పోయిన ఆ రెండేండ్లను ఏ తీర్పూ భాగవతార్‌కు తెచ్చి ఇవ్వలేకపోయింది. చక్కెర వ్యాధితో ఆరోగ్యం క్షీణించి, 1959 నవంబరు 1న, 49 ఏండ్లకే ఆయన మద్రాసులో కన్నుమూశారు. చివరి చిత్రం ‘శివకామి’ మరణానంతరం 1960లో విడుదలైంది.

నేరవార్తను తెలిసికోగోరడం తప్పు కాదు. దొంగను పట్టించేదీ, అన్యాయాన్ని ప్రశ్నించేదీ ఆ కుతూహలమే. కాని తెలిసికోగోరడం వేరు, తేల్చివేయడం వేరు. నేడు టెలివిజనులో నేర కథనాన్ని చూస్తూ ఇంటిల్లిపాదీ ఒక మనిషిని దోషిగా నిర్ణయించే వేళ, ఆ మనిషికీ ఒక ఇల్లు, ఒక వృత్తి, తిరిగి రాని కాలం ఉంటాయని తలచుకోవాలి. హైకోర్టు తన తీర్పును రెండేండ్లలో సరిదిద్దుకొన్నది. అటువంటి అప్పీలు రచ్చబండ తీర్పుకు లేదు. కనుక ఆ తీర్పు చెప్పేముందు ఒక్క క్షణం ఆగడమే భాగవతార్ జీవితాన్ని చదివినందుకు మనం చేయదగిన పని.