ఉప్పుతో పసిబిడ్డలకు మేలు చేసిన డాక్టర్ రామలింగస్వామి గారు

డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారి పేరు మన పెన్షనర్ మిత్రుల్లో చాలామంది వినే ఉంటారు. అయితే మనం రోజూ కూరలో వేసుకునే ఉప్పుకూ, ఆయనకూ ఉన్న సంబంధం కొద్దిమందికే తెలుసు.

ఆయన 1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో జన్మించారు. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో 1944లో ఎం.బి.బి.ఎస్., 1946లో ఎం.డి. పూర్తిచేశారు. కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో పనిచేశారు. ఆ పరిశోధనశాలే తరువాత హైదరాబాదుకు తరలివచ్చి జాతీయ పోషకాహార సంస్థ అయింది. 1951లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పొందారు.

ఆ రోజుల్లో హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో గాయిటర్ అనే గొంతువాపు ఇంటింటా కనిపించేది. వర్షాలకు, వరదలకు అక్కడి నేలలోని అయోడిన్ కొట్టుకుపోవడమే కారణం. రామలింగస్వామి గారు, సహచర వైద్యులు సుమారు లక్ష జనాభా గల ప్రాంతాన్ని మూడు భాగాలు చేశారు. 1956 నుండి రెండు భాగాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, మూడో భాగానికి మామూలు ఉప్పు సరఫరా చేయించారు. ఆరేళ్ళలో మొదటి రెండు చోట్ల వాపు సగానికి పైగా, లేదా దాదాపు సగానికి తగ్గింది. మూడోచోట తగ్గనే లేదు. రుజువు దొరికిన వెంటనే ఆ మూడో భాగానికీ మంచి ఉప్పు ఇచ్చారు. 1962లో భారత ప్రభుత్వం గాయిటర్ నివారణ పథకం ప్రారంభించింది.

గొంతువాపు కంటికి కనిపించే నష్టం. కనిపించని నష్టం పసిబిడ్డ మెదడుకు. పుట్టిన బిడ్డకు రోజుకు 90 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి. ఆరు నెలల వరకు అది తల్లిపాల నుండే రావాలి. తల్లి తిండిలో లేనిది పాలలోకి ఎక్కడి నుండి వస్తుంది? అందుకే పాలిచ్చే తల్లికి రోజుకు 250 మైక్రోగ్రాములు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించింది. మామూలు పెద్దవారికి 150 చాలు.

పాలలో ఇంత స్వల్పమైన పదార్థాన్ని ఎలా కొలుస్తారు? ముందుగా పాలలోని కొవ్వు, మాంసకృత్తులను ఆమ్లంతో వేడిచేసి హరిస్తారు. మిగిలిన ద్రవానికి పసుపుపచ్చని సీరియం ద్రావణం, ఆర్సెనిక్ ద్రావణం కలుపుతారు. అయోడిన్ ఎంత ఎక్కువ ఉంటే పసుపు రంగు అంత త్వరగా విరిగిపోతుంది. ఆ వేగాన్ని బట్టి లెక్క కడతారు. 1937 నాటి ఈ పద్ధతి మూత్ర పరీక్షకూ వాడతారు. ఇప్పుడు ఇంకా సూక్ష్మమైన యంత్రాలు వచ్చాయి.

రామలింగస్వామి గారు 1969 నుండి 1979 వరకు ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా, అటుపై 1986 వరకు భారత వైద్య పరిశోధన మండలి డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు. 1986లో లండన్ రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. 1996లో మరి ఇద్దరితో కలిసి రాసిన వ్యాసంలో, మన దేశపు పిల్లల బలహీనతకు తల్లుల దుస్థితే మూలమని చూపారు. 2001 మే 28న కన్నుమూశారు.

ఆయన పోయాక కూడా ఉప్పు వివాదం సాగింది. అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మరాదన్న నిషేధాన్ని 2000లో ఎత్తివేశారు. 2006లో మళ్ళీ విధించారు. దుకాణంలో కొనే కిలో ఉప్పులో కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి.

ఇది కొండప్రాంతాల జబ్బు, సముద్రపు ఉప్పు తినే మనకేమిటి అని తెనాలి, బాపట్ల, రేపల్లె వాసులు అనుకోవచ్చు. అది పొరపాటు. సముద్రపు నీటిని ఎండగట్టిన ఉప్పులో అయోడిన్ నామమాత్రమే. చినగంజాం మడుల్లో పండే కల్లుప్పుకైనా విడిగా కలిపితేనే వస్తుంది. ఆవకాయకు ఏ ఉప్పు వాడినా, నిత్యం వంటకు మాత్రం అయోడిన్ ఉప్పే వాడాలి. జాడీకి మూత పెట్టాలి, తడి తగలనీయరాదు. రక్తపోటు ఉన్న మనబోటి వారు ఉప్పు తగ్గించాలి గాని, తినే ఆ కొద్దీ అయోడిన్ ఉప్పే కావాలి.

పురిటికి వచ్చిన కూతురికి, కోడలికి పథ్యం పేరుతో ఉప్పు మాన్పించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అలాంటి చోట మనం పెద్దరికంతో ఒక మాట చెప్పగలిగితే, ఆ మహనీయునికి అదే నిజమైన నివాళి.