పక్షిబంధువు సలీం అలీ

హిందూపురమునకు అనతిదూరమున, చిలమత్తూరు మండలమున వీరాపురమను పల్లె కలదు. ఏటేట ఎఱ్ఱకాళ్ళ కొంగలు అచటికి వచ్చి, చింతచెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకొని మరలిపోవును. గ్రామస్థులు వానిని అతిథులవలె కాపాడుదురు. ఇవి సైబీరియానుండి వచ్చునని కొందరందురు. కాని యీ జాతి కొంగలు నీటిని, మేతను వెదకికొనుచు మన దేశముననే తావులు మార్చునవి. ఏ పక్షి ఎచటినుండి వచ్చునో తెలిసికొను విద్యను మన దేశమున పెంపొందించిన మహనీయుడు సలీం అలీ.

ఆయన 1896వ సంవత్సరము నవంబరు 12వ తేదీన బొంబాయిలో జన్మించెను. పసితనముననే తల్లిదండ్రులు గతింపగా మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ పెంచెను. ఒకనాడు బాలుడు బొమ్మతుపాకితో ఒక పిచ్చుకను కొట్టెను. దాని గొంతుపై పసుపుపచ్చని మచ్చ యుండెను. అదేమి పక్షియో తెలియక మేనమామ నడుగగా, ఆయన బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు పంపెను. ఆ సంఘ కార్యదర్శి మిల్లర్డు ఆ పక్షిపేరు తెలిపి, అచట భద్రపఱచిన వందలకొలది పక్షులను చూపెను. బాలుని జీవితమార్గ మానాడే నిర్ణయమయ్యెను.

ఆ మార్గము సుగమము కాదు. విశ్వవిద్యాలయ పట్టము లేనందున తగిన ఉద్యోగము లభింపలేదు. 1929లో జర్మనీకేగి పక్షిశాస్త్ర మభ్యసించి తిరిగివచ్చుసరికి, ఉన్న చిన్న కొలువును పోయెను. ఆయన నిరాశపడక కిహిం అను సముద్రతీర గ్రామమున గిజిగాని గూళ్ళను గమనించుచు కాలము సద్వినియోగము చేసెను. 1931-32లో హైదరాబాదు సంస్థానపు పక్షులను పరిశీలించెను. ఈ శ్రమయందు తోడునిలిచిన భార్య తెహ్మినా 1939లో మరణించెను. ఆ దుఃఖమును దిగమ్రింగి, 1941లో భారతదేశ పక్షులనుగూర్చి గ్రంథము ప్రకటించెను.

1957లో మైసూరు రాష్ట్రపు క్యాసనూరు అడవిలో కోతులు వింతజ్వరముతో చచ్చెను. ఆ వ్యాధి వలసపక్షులవలన వచ్చెనేమోయని శాస్త్రజ్ఞులు శంకించిరి. అది తేల్చుటకు ప్రపంచ ఆరోగ్యసంస్థ సాయపడగా, సలీం అలీ నాయకత్వమున పక్షులకు కడియములు తొడుగు కార్యము విరివిగా సాగెను. వలలతో పక్షిని పట్టి, సంఖ్యగల తేలికయైన కడియమును కాలికి తొడిగి విడిచెదరు. అది మఱియొకచోట దొరికినయెడల దాని ప్రయాణము తెలియును. ఇట్లు భరతపురమున విడిచిన బాతులలో కొన్ని సుదూరమైన సోవియట్ దేశమున దొరకెను.

1976లో పద్మవిభూషణ బిరుదము నంది, 1987లో ఆయన పరమపదించెను. బాల్యమున తుపాకితో పక్షిని నేలకూల్చిన చేతులే, పెద్దతనమున కడియము తొడిగి వేలాది పక్షులను మరల ఆకాశమున కెగురవిడిచెను.