గండిపేట కట్ట, విశ్వేశ్వరయ్యగారు

తొమ్మిదో తరగతిలో న్యూటన్ మూడో నియమం నాకు నోటికి వచ్చు, బుర్రకు రాదు. చర్య, ప్రతిచర్య సమానమైతే రెండూ చెల్లుకు చెల్లు కావాలి కదా, మరి ఎడ్లబండి ఎట్లా కదులుతుంది? నవ్వుతారని ఎవరినీ అడగలేదు. బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాను.

మన మొయినాబాద్‌కు ఒకవైపు గండిపేట, ఇంకోవైపు హిమాయత్‌సాగర్. రెండింటికీ మూలం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి ఆలోచన. నా చిక్కు వీడిందీ ఆ కట్ట దగ్గరే.

ఆయన పూర్వీకులది గిద్దలూరు వైపున్న మోక్షగుండం. పుట్టింది మైసూరు సంస్థానంలోని ముద్దెనహళ్ళిలో. చిన్నతనంలోనే తండ్రి పోయారు. పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బెంగుళూరులో 1881లో బి.ఏ., పూనాలో 1883లో ఇంజనీరింగు ముగించి బొంబాయి పి.డబ్ల్యు.డి.లో చేరారు. పూనా దగ్గర ఖడక్‌వాస్లాలో 1903లో పెట్టిన ఆటోమేటిక్ గేట్లు ఆయనవే. నీరు హద్దు దాటితే వాటంతటవే తెరుచుకుంటాయి, తగ్గితే మూసుకుంటాయి. కట్ట ఎత్తు పెంచకుండానే ఎక్కువ నీరు నిలిచింది.

1908 సెప్టెంబర్ 28న మూసీ హైదరాబాదును ముంచింది. వేలమంది పోయారు. నిజాం ప్రభుత్వం పిలిస్తే 1909లో విశ్వేశ్వరయ్యగారు వచ్చారు. నగరంలో నష్టం చూసి ఊరుకోలేదు, ఎగువన మన వైపు చెరువుల లెక్క తీశారు. మూసీ, ఈసీ పరీవాహకంలో 788 చెరువులుంటే 221 తెగాయి. పై చెరువు తెగితే ఆ నీళ్ళన్నీ కింది చెరువు మీదికే కదా. అందుకే వరదను నగరానికి ఎగువనే ఆపాలని, రెండు నదుల మీద రెండు జలాశయాలు కట్టాలని నివేదిక ఇచ్చారు. ఆ ఏడాదే మైసూరు వెళ్ళారు. 1912లో అక్కడ దివాను అయ్యారు. 1955లో భారతరత్న, 1962లో నూరేళ్ళు దాటాక కన్నుమూత. గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నిలబడి కట్టించింది వేరే ఇంజనీర్లు, కూలీలు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం.

తొమ్మిదో తరగతిలోనే సైన్సు సారు మమ్మల్ని గండిపేట తీసుకుపోయారు. వాన వెలిసిన రోజు. గోడను గట్టిగా తోయమన్నారు నన్ను. తోశాను. హవాయి చెప్పులు జారి వెనక్కి పోయాను. అందరూ నవ్వారు. గోడ నిన్ను ఎంత తోసిందని అడిగారు సారు. నేను తోసినంతే. మరి నువ్వే ఎందుకు జారావు? కాళ్ళ కింద పట్టు లేక.

అప్పుడు వెలిగింది. నీరు తోసేది కట్టను, కట్ట తోసేది నీటిని. రెండు బలాలూ వేరువేరు వస్తువుల మీద, ఒకదానితో ఒకటి కొట్టివేసుకోవు. తెగిన ఆ 221 కట్టలూ తెగే క్షణందాకా నీటిని సమానంగానే తోశాయి. కట్టను నిలబెట్టేది ఆ ప్రతిచర్య కాదు, దాని సొంత బరువు, కింద నేల పట్టు. మట్టికట్ట మీదుగా నీరు పొర్లితే మట్టి కొట్టుకుపోయి ఆ రెండూ పోతాయి. ఇంకో ముచ్చట: నీటి ఒత్తిడి లోతును బట్టే గానీ, చెరువు ఎంత దూరం పరుచుకుందనేదాన్ని బట్టి కాదు. అందుకే కట్ట అడుగున అంత మందం. ఉద్యోగంలో చేరి డ్రాయింగులు చూసే రోజుల్లో కూడా నాకు ముందు ఆ హవాయి చెప్పులే గుర్తొచ్చేవి.

తిరుగు దారిలో ధైర్యం చేసి ఎడ్లబండి సంగతి అడిగాను. బండి వెనక్కి లాగేది ఎడ్లను, బండిని కాదన్నారు సారు. ఎడ్లు గిట్టలతో నేలను వెనక్కి తోస్తే నేల వాటిని ముందుకు తోస్తుంది. మరి బురదలోనో అని ఆయనే అడిగారు. ఈసారి జవాబు నేనే చెప్పాను.