తల్లి నెత్తుటి బాటలు చూపిన విలియం హంటర్

స్కాట్లండు దేశమున గ్లాస్గో నగరమునకు చేరువనున్న ఈస్ట్ కిల్‌బ్రైడ్ ప్రాంతమున 1718వ సంవత్సరము మే 23వ తేదీన విలియం హంటర్ జన్మించెను. తండ్రి అతనిని మతాచార్యునిగా చేయనెంచి గ్లాస్గో విశ్వవిద్యాలయమునకు పంపెను. కాని ఆ యువకుని మనస్సు మతవిద్యలో నిలువలేదు. విలియం కల్లెన్ అను వైద్యుని సాహచర్యము అతనిని వైద్యమువైపు మరల్చెను. పిదప లండను చేరి, 1746లో శరీరశాస్త్ర పాఠములు చెప్ప నారంభించెను. రెండేండ్లకు తమ్ముడు జాన్ సహాయకుడై వచ్చెను.

ఆ కాలమున ప్రసవము ముఖ్యముగా మంత్రసానుల చేతిలోని పని. తల్లి నెత్తురే నేరుగా బిడ్డ దేహములోనికి పారునని పలువురు నమ్ముచుండిరి. 1750 ప్రాంతమున, నిండుచూలుతో మరణించిన యొక స్త్రీ కళేబరము హంటరునకు లభించెను. అట్టి మరికొన్ని శరీరములను కూడ అతడు ఏండ్ల తరబడి పరిశీలించెను. రక్తనాళములలోనికి రంగుమైనము నెక్కించి వాని దారులను కనిపెట్టుట ఆనాటి పద్ధతి. గర్భాశయపు గోడలోని ధమనులు మెలికలు తిరిగి మావిలోనికి తెరచుకొనుచున్నవనియు, తల్లి నెత్తురును బిడ్డ నెత్తురును వేర్వేరు దారుల నడచుననియు తేలెను. వాన్ రిమ్స్‌డైక్ ప్రభృతులు గీసిన 34 చిత్రఫలకములతో 1774లో వెలువడిన మహాగ్రంథమున నిదియంతయు కలదు.

ఆ ధమను లేల మారునో హంటర్ ఎరుగడు. మావినుండి వచ్చు కణములు వాని గోడలలో చొచ్చి, కండరపు పొరను తొలగించి, సన్నని నాళములను వెడల్పైన కాలువలుగా చేయునని తరువాతి శాస్త్రము తెలిపినది. నెలలు నిండునాటికి గర్భాశయమునకు నిమిషమునకు అరలీటరుకు పైగా రక్తము చేరును. ఈ మార్పు సరిగా జరుగనిచో, రక్తపుపోటు పెరిగి గుర్రపువాతమునకు దారితీయు వ్యాధి కలుగవచ్చును. తల్లీబిడ్డల ప్రాణములకు అది గండము.

రాణి షార్లెట్‌కు వైద్యుడై, ధనమును కీర్తిని గడించిన హంటరునకు చివరి దినములలో మనశ్శాంతి కరవయ్యెను. మావి రహస్యమును కనుగొన్నది తానేయని 1780లో జాన్ రాయల్ సొసైటీ యెదుట చెప్పగా, అన్నదమ్ములకు తీరని వైరమేర్పడెను. 1783 మార్చి 30న విలియం మరణించెను. అతడు గ్లాస్గోకు ఒసగిన సంగ్రహముతో 1807లో హంటేరియన్ మ్యూజియము తెరువబడెను.

కీర్తి ఎవరిదని సోదరులు కలహించిరి. ఆ విద్యకు తమ దేహములనే పుస్తకములుగ తెరచిన తల్లుల పేర్లు మాత్రము ఆ గ్రంథమున నెచ్చటను లేవు. వారి యిష్టము నడిగిన వారును లేరు. నేడు ప్రతి గర్భిణికి రక్తపుపోటు చూచు వైద్యుడు, హంటరునకు ఎంత ఋణపడియుండెనో ఆ అనామికలకును అంతే ఋణపడియున్నాడు.