నేల వ్రాతను చదివిన గిల్బర్టు

భూకంపము వచ్చిపోయిన పిమ్మట దానిని గూర్చి చెప్పువారు పలువురు. ఏ చరిత్రకును ఎక్కని ప్రాచీన భూకంపముల జాడలను నేలపై గుర్తించి, రాబోవు ముప్పు ఏ ఊరికి కలదో ముందుగా చెప్పినవారు మిక్కిలి అరుదు. అట్టివారిలో ప్రథమగణ్యుడు అమెరికా దేశీయుడగు గ్రోవ్ కార్ల్ గిల్బర్టు. ఆయన జీవితమును మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును పరిచయము చేయదలచితిమి.

గిల్బర్టు 1843వ సంవత్సరము మే 6వ తేదీన న్యూయార్కు రాష్ట్రమందలి రోచెస్టరు పట్టణమున జన్మించెను. తండ్రి చిత్రకారుడు. 1862లో పట్టభద్రుడైన పిదప గిల్బర్టు మిచిగన్ రాష్ట్రమున జాక్సన్ అను ఊరిలో ఉపాధ్యాయుడుగా చేరెను గాని, ఆ వృత్తి ఆయనకు పొసగలేదు. స్వగ్రామమునకు మరలి వచ్చి, శిలలను, శిలాజములను సేకరించి విద్యాలయములకు పంపు సంస్థలో అయిదేండ్లు పనిచేసెను. ఆయనకు నిజమైన బడి అదియే అయ్యెను.

1871 మొదలు ఆయన అమెరికా పశ్చిమ భూములను పరిశోధించు సర్వే బృందములతో తిరిగెను. యూటా రాష్ట్రమున నేడు గ్రేట్ సాల్ట్ లేక్ అను ఉప్పుసరస్సు కలదు. పూర్వమచ్చట అంతకంటె ఎన్నో రెట్లు విశాలమైన మంచినీటి సరస్సు ఉండెను. కొండల వాలులపై మెట్లవలె నిలిచియున్న దాని పాత ఒడ్డులను గిల్బర్టు కొలిచి, ఆ సరస్సు కథను 1890లో గొప్ప గ్రంథముగా వెలువరించెను.

ఆ ఒడ్డులను పరిశీలించుచుండగా ఆయనకు మరియొక వింత కానవచ్చెను. సాల్ట్ లేక్ నగరమునకు తూర్పున వాసాచ్ పర్వతములు కలవు. ఆ కొండల పాదము వెంట, మట్టి నేలలో, కొన్ని అడుగుల యెత్తుగల నిట్రమైన గట్లు సాగియుండెను. అవి పాత ఒడ్డులను, హిమానీనదములు కుప్పవోసిన రాళ్ల దిబ్బలను సయితము అడ్డముగా ఖండించుచున్నవి. ఖండింపబడినది ముందు పుట్టవలెను, ఖండించినది తరువాత పుట్టవలెను. కావున ఆ గట్లు సరస్సు తగ్గిన తరువాత ఏర్పడినవే. 1872లో కాలిఫోర్నియా రాష్ట్రపు ఓవెన్స్ లోయలో పెద్ద భూకంపము వచ్చి, మట్టి ఇటుకల ఇండ్లు కూలి పలువురు మరణించిరి. అప్పుడచ్చట పుట్టిన గట్లును ఇట్టివే. దీనిని బట్టి గిల్బర్టు ఒక నిశ్చయమునకు వచ్చెను. పర్వతపాదమున భూమిలో పగులు కలదు, దానినే భ్రంశమందురు. దానికి ఇరువైపుల నేల కదలగోరును, రాపిడి ఆపుచుండును. ఒత్తిడి ఏండ్ల తరబడి పెరిగి రాపిడిని మించిన క్షణమున నేల జారును, కొండ కొన్ని అడుగులు లేచును. అదియే భూకంపము.

గట్లు నగరమునకు ఉత్తరమునను దక్షిణమునను కలవు. నగరము చెంత మాత్రము కొంత దూరము కానరావు. సామాన్యులకది క్షేమముగా తోచును. గిల్బర్టునకు అదియే భయహేతువయ్యెను. గట్టు లేదన్నచో చిరకాలముగా అచ్చట నేల కదలలేదు. కదలనిచోట ఒత్తిడి పోగగుచుండును. ఈ హెచ్చరికను ఆయన శాస్త్రజ్ఞులకై దాచుకొనక, 1883 సెప్టెంబరులో ఆ నగరపు దినపత్రికలోనే ప్రకటించెను. ప్రజలు ఇటుక, రాతి ఇండ్లను విడువబోరని ఆయనకు తెలియును, అయినను చెప్పెను.

1906 ఏప్రిల్ 18న శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపము వచ్చినప్పుడు ఆయన సమీపమునగల బర్క్‌లీలో నుండెను. విచారణ సంఘమున సభ్యుడై, పగులు వెంట కంచెలు, దారులు ప్రక్కకు జరిగిన దూరములను కొలిచెను. దినము చెప్పుట నాటి శాస్త్రమునకు సాధ్యము కాదనియు, చోటు చెప్పవచ్చుననియు 1909లో వ్రాసెను. 1918 మే 1న, 75 ఏండ్లు నిండుటకు అయిదు దినములు మిగిలియుండగా, జాక్సన్‌లోనే కన్నుమూసెను.

ఆయన ఆరంభించిన పనిని పరవారు పొడిగించిరి. 1970ల నుండి గట్లకు అడ్డముగా కందకములు త్రవ్వి, కూలిన మట్టిక్రింద కప్పబడిన పాత నేలలను పరీక్షించిరి. వాటిలోని బొగ్గుతునకల వయస్సును రేడియో కార్బన్ పద్ధతిచే కట్టిరి. గిల్బర్టు ఖాళీయని తలచినచోట పగులు కొండపాదమును విడిచి నగరము మధ్యగానే పోవుచున్నదని తేలెను. వాసాచ్ భ్రంశపు నడిమి భాగమున గత 6,000 ఏండ్లలో కనీసము 22 పెద్ద భూకంపములు వచ్చినవి. సాల్ట్ లేక్ నగరపు భాగమున అవి సగటున 1,300 ఏండ్లకొకటి. కడపటిది వచ్చియు ఇంచుమించు అంతకాలమైనది. 2016లో నిపుణులు కట్టిన లెక్క ప్రకారము, 50 ఏండ్లలో ఆ ప్రాంతమున 6.0 లేక అంతకు మించిన భూకంపము వచ్చు అవకాశము నూటికి 57 పాళ్లు. 2020 మార్చి 18న 5.7 పరిమాణపు భూకంపము వచ్చి పాత ఇటుక కట్టడములను దెబ్బతీసెను. గిల్బర్టు శంకించినది అంతకంటె చాల పెద్దది.

మన దేశమున 1993 సెప్టెంబరు 30న, తెల్లవారకమునుపే, మహారాష్ట్రమందలి కిల్లారి ప్రాంతమున రాతిగోడలు కూలి నిద్రించుచున్నవారు వేలకొలది మరణించిరి. ప్రాణము తీయునది కంపించు నేల కంటె కూలు గోడయే. దినము తెలియకున్నను చోటు తెలిసినచో గోడను బలపరచుకొనవచ్చును. విద్యార్థులారా, కానవచ్చు గుర్తునే గాక, కానరాని గుర్తును గూర్చి సయితము ఆలోచించుట గిల్బర్టు వద్ద మనము నేర్వవలసిన పాఠము.