ఐడా అనే పేరు

పసిబిడ్డను ఎత్తుకొని తల్లిదండ్రులు ఆలయంలో ముందుకు వచ్చినప్పుడు, బిడ్డ పేరేమిటని అడుగుతాం. రూతు, ఎస్తేరు అంటే బైబిలు గుర్తుకొస్తుంది. కేరీ, వెస్లీ, లూథర్ అంటే సంఘ చరిత్ర గుర్తుకొస్తుంది. చిత్తూరు, తిరుపతి ప్రాంతపు సంఘాల్లో అప్పుడప్పుడు వినిపించే మరో పేరుంది. అది ఐడా. బైబిల్లో ఎక్కడా లేని పేరు. పాత తరంవారికి దాని వెనకున్న మనిషి తెలుసు. నేటి పిల్లలను అడిగితే, నాయనమ్మ పేరు పెట్టారండీ అని మాత్రమే చెబుతారు. ఆ నాయనమ్మకు ఆ పేరెలా వచ్చిందో తెలియాలంటే చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో ఉన్న వేలూరు దాకా వెళ్లాలి. మన పెద్దలు రాయవేలూరు అని పిలిచిన ఊరది.

ఐడా స్కడర్ 1870 డిసెంబరు 9న రాణిపేటలో పుట్టింది. అప్పట్లో చిత్తూరు, వేలూరు, రాణిపేట అన్నీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోవే. చిత్తూరు ప్రత్యేక జిల్లా అయింది 1911లో. స్కడర్ వంశంలో పిల్లలకు ఇంటిపేరుతోపాటు పిలుపు కూడా వారసత్వంగా వచ్చేది. తాత జాన్ స్కడర్ న్యూయార్కులో మంచి వైద్యుడు. 1819లో ఆ ప్రాక్టీసు వదిలి ఓడెక్కి సిలోన్ వచ్చాడు. తర్వాత మద్రాసు ప్రాంతంలో పరిచర్య చేశాడు. ఆయన కుమారులు ఏడుగురూ మిషనరీలే అయ్యారు. తండ్రి పేరే పెట్టుకొని తండ్రిలాగే వైద్య మిషనరీ అయిన జాన్, ఐడాకు తండ్రి. అన్నల తర్వాత పుట్టిన ఒక్కగానొక్క ఆడపిల్ల ఐడా.

అయితే ఆమెకు ఈ దేశం, ఈ సేవ రెండూ వద్దనిపించాయి. కారణం లేకపోలేదు. రాయలసీమ పెద్దలు ధాత కరువు అని చెప్పుకొనే 1876-78 నాటి ఘోర కరువులో, ఆకలితో ఉన్న పిల్లలకు ఆ చిట్టి చేతులే రొట్టె ముక్కలు అందించాయి. ఆ దృశ్యాలు ఆమెను వదలలేదు. తర్వాత కుటుంబం అమెరికా వెళ్లింది. కొన్నేళ్లకు తండ్రి, ఆ తర్వాత తల్లి మళ్లీ ఇండియా సేవకు బయలుదేరి, ఆమెను బంధువుల ఇంట్లో వదిలారు. దైవసేవకుల పిల్లలు చెల్లించే ఈ మూల్యం గురించి మన ప్రసంగాల్లో తక్కువే వినిపిస్తుంది. ఇంటిపేరు నిలబెట్టాలని అందరూ ఎదురుచూస్తుంటే, ఆ పిల్ల తాను మాత్రం మిషనరీ కానని తీర్మానించుకుంది. మేమైతే ఆమెను తప్పుపట్టలేం.

1890లో, తల్లికి జబ్బుగా ఉందని తెలిసి, కొద్దికాలం సాయం చేసి వెళ్లిపోదామని ఐడా తిండివనం వచ్చింది. అక్కడ ఒక రాత్రి ఒక బ్రాహ్మణ యువకుడు తలుపు తట్టాడు. చిన్న వయసు భార్య, మొదటి కాన్పు, బిడ్డ అడ్డం తిరిగింది, వచ్చి కాపాడమన్నాడు. ఐడా తనకు వైద్యం రాదని చెప్పి, ఇంట్లోనే ఉన్న తండ్రిని తీసుకెళ్లమంది. పరాయి మగవాడు తన భార్యను చూడటం ఆచారం కాదని అతడు వెనుదిరిగాడు. కాసేపటికి ఒక ముస్లిం వచ్చాడు. అదే ప్రమాదం, అదే వేడుకోలు, అదే నిరాకరణ. తండ్రితోపాటు తానూ వచ్చి పక్కనే ఉంటానని బతిమాలినా ఒప్పుకోలేదు. ఆ తర్వాత మూడో మనిషి, అతడూ పై కులస్థుడే. ఆ రాత్రి ఐడాకు నిద్ర లేదు. తెల్లవారుతుండగా చావు డప్పు వినిపించింది. మనిషిని పంపి కనుక్కుంటే ముగ్గురు తల్లులూ చనిపోయారని తెలిసింది. ఇంట్లో వైద్యుడున్నాడు, మందులున్నాయి, లేనిదల్లా ఒక వైద్యురాలు. ఆమె గది తలుపు వేసుకొని చాలాసేపు ప్రార్థించింది. బయటికి వచ్చి, వైద్యం చదవడానికి అమెరికా వెళతానని తల్లిదండ్రులకు చెప్పింది.

1899లో కార్నెల్ వైద్య కళాశాల నుంచి పట్టా పుచ్చుకొని, 1900 ఆరంభంలో వేలూరు చేరింది. ఆసుపత్రి కట్టడానికి షెల్ అనే అమెరికన్ బ్యాంకరు తన భార్య జ్ఞాపకార్థం పదివేల డాలర్లిచ్చాడు. తండ్రి దగ్గర కొన్నేళ్లు పని నేర్చుకుందామనుకుంటే, ఆయన అదే ఏడాది కన్నుమూశాడు. బంగళాలోని ఒక చిన్న గదిలో వైద్యం మొదలైంది. మొదట్లో ఎవరూ రాలేదు. నెమ్మదిగా నమ్మకం కుదిరాక గది చాలలేదు. 1902లో 40 పడకల ఆసుపత్రి తెరిచారు. 1909లో నర్సుల శిక్షణ మొదలైంది. ఆ ఏడాదే మోటారు కారు వచ్చింది. గుడియాత్తం దారిలో చెట్ల కిందే రోగులను చూసేది.

తానొక్కతే ఎన్ని ఇళ్లకు వెళ్లగలదు? ఈ దేశపు ఆడపిల్లలే డాక్టర్లు కావాలని 1918లో వైద్య పాఠశాల ప్రారంభించింది. దరఖాస్తులు వస్తాయా అని ప్రభుత్వ వైద్యాధికారికే సందేహం. చివరి పరీక్షకు కూర్చున్న మొదటి బ్యాచ్ 14 మందీ ఉత్తీర్ణులయ్యారు.

1930ల చివర్లో మద్రాసు ప్రభుత్వం డిప్లొమా వైద్యవిద్యను ఆపి, డిగ్రీనే ఉండాలని నిర్ణయించడంతో పాఠశాల మూతపడే స్థితి వచ్చింది. డెబ్భై దాటిన ఐడా, ప్రపంచయుద్ధం జరుగుతుండగా అమెరికాలో ఊరూరా తిరిగి నిధులు పోగుచేసింది. 1942లో మద్రాసు విశ్వవిద్యాలయ గుర్తింపు లభించింది. అయితే మగపిల్లలనూ చేర్చుకుంటేనే అన్ని మిషన్ల సాయం అందుతుందన్నారు. ఆడవారికోసం కట్టినదాన్ని మగవారికి అప్పగిస్తారా అని చిరకాల మిత్రులే ఆమెపై కోపించారు. మాకు తోచినంతలో ఆమె జీవితంలో తిండివనం రాత్రికంటే ఇదే కష్టమైన నిర్ణయం. అక్కడ ఏం చేయాలో స్పష్టంగా కనిపించింది, ఇక్కడ ఇరువైపులా న్యాయముంది. ఆమె ఒప్పుకుంది. 1947లో విద్యార్థులు కూడా చేరారు. తిరుపతి నుంచి కాట్పాడి రైలెక్కే మన రోగులు వెళ్లే సి.ఎం.సి. అదే. ఇప్పుడు చిత్తూరు దగ్గరా దాని ప్రాంగణం ఉంది.

డాక్టర్ ఐడా, ఇండియా అని మాత్రమే రాసిన ఉత్తరం కూడా ఆమెకు చేరిందని చెబుతారు. అయితే వేలూరులో ఆ పేరుతో ఇంకో డాక్టరు కూడా ఉండేది. అన్న కూతురికి మేనత్త పేరే పెట్టారు. ఆ అమ్మాయీ డాక్టరై వచ్చి రేడియాలజీ విభాగంలో పనిచేసింది. ఇద్దరూ ఒకే ఆసుపత్రిలో ఉండటంతో, గందరగోళం లేకుండా చిన్నామెను ఐడా బి. అని పిలిచేవారు. పెద్ద ఐడా 1960 మే నెలలో, 89 ఏళ్ల వయసులో, కొడైకెనాల్‌లో కన్నుమూసింది.